నాలుగు లీటర్ల కెగ్, పదహారు గ్రాముల గ్యాస్

అమెరికాలో ఇంట్లో బీరు తయారుచేసుకునేవాళ్లు సాధారణంగా ఒక విడతకు 5 గ్యాలన్లు, అంటే 18.9 లీటర్లు చేస్తారు. దాన్ని 355 మిల్లీలీటర్ల సీసాల్లోకి ఎత్తాలంటే 53 సీసాలు కావాలి. అన్నీ కడగాలి, శుద్ధి చేయాలి, మూతలు బిగించాలి. ఈ చాకిరీకి విసిగినవాళ్లలో చాలామంది కార్నీ కెగ్ కొంటారు. ఒకప్పుడు కూల్‌డ్రింక్ కంపెనీలు సిరప్ పంపడానికి వాడిన స్టీలు కెగ్ ఇది. కంపెనీలు అట్టపెట్టెల్లోని ప్లాస్టిక్ సంచులకు మారాక, పాత కెగ్‌లు బీరు చేసుకునేవాళ్ల ఇళ్లకు చేరాయి.

అయితే నిండు కార్నీ కెగ్ 23 కిలోల దాకా తూగుతుంది. దానికి గ్యాస్ సిలిండరు ఉండాలి, చాలా ఇళ్లలో విడిగా ఒక ఫ్రిజ్ కూడా పెట్టాలి. అపార్ట్‌మెంట్‌లో ఉండేవాళ్లకూ, శనివారం స్నేహితుల ఇంటికి బీరు పట్టుకెళ్దామనుకునేవాళ్లకూ ఇది కుదరదు. వాళ్ల కోసమే 2, 4, 5, 10 లీటర్ల మినీ కెగ్‌లు వచ్చాయి. నాలుగు లీటర్లదైతే 11 సీసాల బీరు పడుతుంది. నిండినా ఐదారు కిలోలే, మామూలు ఫ్రిజ్‌లో పట్టేస్తుంది. దానికి గ్యాస్ ఇచ్చేది బొటనవేలంత కార్ట్రిడ్జ్, అందులో ఉండేది 16 గ్రాముల కార్బన్ డయాక్సైడ్. ఆ 16 గ్రాములు ఎంతవరకు సరిపోతాయో తెలిస్తే మినీ కెగ్‌ను ఎలా వాడుకోవాలో తేలిపోతుంది.

బీరులో కరగాల్సింది: 13 గ్రాములు

బీరులో పొంగును ‘వాల్యూమ్’లలో కొలుస్తారు. 2.5 వాల్యూమ్‌లంటే లీటరు బీరులో రెండున్నర లీటర్ల గ్యాస్ కరిగి ఉందని అర్థం. బరువులో చూస్తే లీటరుకు 4.9 గ్రాములు. చాలా రకాల ఏల్ బీర్లకు ఇది చాలు. 20 డిగ్రీల సెల్సియస్ దగ్గర పులిసిన బీరులో అప్పటికే సుమారు 1.7 గ్రాములు మిగిలి ఉంటుంది. ఇక కలపాల్సింది లీటరుకు 3.2 గ్రాములు, నాలుగు లీటర్లకు దాదాపు 13.

బీరును బయటికి నెట్టాల్సింది: 14 గ్రాములు

గ్లాసులోకి బీరు వంచిన ప్రతిసారీ కెగ్‌లో ఆ మేర ఖాళీ ఏర్పడుతుంది. అక్కడికి గ్యాస్ చేరాలి. 3 డిగ్రీల చల్లదనంలో, 12 పీఎస్‌ఐ ఒత్తిడిలో నాలుగు లీటర్ల చోటు నిండాలంటే 14 గ్రాములు పడుతుంది. రెండూ కలిపితే 27 గ్రాములు. కెగ్ పైభాగంలోని గాలిని వెళ్లగొట్టడానికి ఇంకొంత కావాలి. బీరు పాడవడానికి ముఖ్య కారణం ఆక్సిజన్ కాబట్టి ఈ పని మానడానికి వీల్లేదు. అంటే ఒక కార్ట్రిడ్జ్ చాలదు, రెండు కష్టంగా సరిపోతాయి. వారం వారం ఇలా కొంటూ పోతే మినీ కెగ్ పొదుపు కాదు.

పాతిక గ్రాముల పంచదార

ఈ లెక్కను మార్చేది ఈస్ట్. ఒక గ్రాము పంచదార పులిస్తే అర గ్రాము కార్బన్ డయాక్సైడ్ పుడుతుంది. మనకు కావాల్సిన 13 గ్రాముల గ్యాస్ కోసం నాలుగు లీటర్లకు 25 గ్రాముల పంచదార చాలు. కొద్ది నీళ్లలో మరిగించి, చల్లార్చి, కెగ్‌లో పోసి, పైన బీరు నింపి మూత బిగించాలి. 20 డిగ్రీల దగ్గర రెండు వారాలు ఉంచాలి. పైభాగంలో మిగిలిన ఆక్సిజన్‌లో చాలావరకు ఈస్టే వాడేసుకుంటుంది. అడుగున కాస్త మడ్డి చేరుతుంది కాబట్టి మొదటి గ్లాసు మబ్బుగా వస్తుంది. తర్వాతివి తేటగా వస్తాయి.

ఇక్కడ తూకం యంత్రం తప్పనిసరి. 25కు బదులు 50 గ్రాములు పడితే పొంగు 4 వాల్యూమ్‌లు దాటుతుంది, 20 డిగ్రీలకే కెగ్‌లో ఒత్తిడి 50 పీఎస్‌ఐ మించుతుంది. పులియడం పూర్తవని బీరును మూసేసినా ఇదే ప్రమాదం. హైడ్రోమీటర్ రీడింగ్ రెండుమూడు రోజులు కదలకుండా నిలిచాకే కెగ్‌లోకి ఎత్తాలి.

11, 28, 47

2.5 వాల్యూమ్‌ల బీరు 3 డిగ్రీల దగ్గర 11 పీఎస్‌ఐ ఒత్తిడి చూపుతుంది. అదే బీరు 20 డిగ్రీలకు 28, 38 డిగ్రీలకు 47 చూపుతుంది. కారు టైరులో మనం కొట్టించే గాలి 33 దగ్గర ఉంటుందని గుర్తుంచుకుంటే, ఎండలో ఆపిన కారులో కెగ్ వదిలేయడం ఎంత ముప్పో అర్థమవుతుంది. రబ్బరు బిరడా ఉండే 5 లీటర్ల పల్చటి రేకు కెగ్‌లు ఈ ఒత్తిడికి ఉబ్బిపోతాయి. సేఫ్టీ వాల్వ్ ఉన్న స్టెయిన్‌లెస్ స్టీలు కెగ్‌నే ఎంచుకోవాలి. అది ఎంత ఒత్తిడి వరకు తట్టుకుంటుందో తయారీదారు చెప్పిన అంకె చూడకుండా కొనకూడదు.

కార్ట్రిడ్జ్ లోపలి ఒత్తిడి 20 డిగ్రీలకే 800 పీఎస్‌ఐ పైన ఉంటుంది. రెగ్యులేటర్‌ను పూర్తిగా మూసి ఉంచాకే దాన్ని బిగించాలి. ఆహారానికి పనికొచ్చేదని రాసి ఉన్నదే వాడాలి. ఎయిర్‌గన్ కార్ట్రిడ్జ్‌లలో నూనె ఉండవచ్చు. క్రీమ్ గిలకొట్టే 8 గ్రాములవి చూడటానికి ఇలాగే ఉన్నా, వాటిలో ఉండేది నైట్రస్ ఆక్సైడ్.

గ్లాసులోకి వచ్చేటప్పుడు

పెద్ద కెగ్‌కు పొడవాటి సన్నటి ట్యూబు ఉంటుంది. అందులో ప్రతి అడుగుకూ 2 నుంచి 3 పీఎస్‌ఐ తగ్గుతూ, కుళాయి దగ్గరికి బీరు నెమ్మదిగా చేరుతుంది. మినీ కెగ్‌కు కుళాయి మూత మీదే ఉంటుంది. 12 పీఎస్‌ఐ మీద తిప్పితే సగం గ్లాసు నురగే. అందుకే వడ్డించేటప్పుడు 6కు తగ్గించాలి. దీనివల్ల మరో మేలుంది: 6 పీఎస్‌ఐ మీద నాలుగు లీటర్లను నెట్టడానికి 11 గ్రాములే ఖర్చవుతుంది. పొంగు పని పంచదారకు అప్పగించి ఉంటే ఒక్క 16 గ్రాముల కార్ట్రిడ్జ్‌తో కెగ్ మొత్తం ఖాళీ అవుతుంది, ఇంకా 5 గ్రాములు చేతిలో ఉంటాయి. 6 పీఎస్‌ఐ మీద రోజుల తరబడి ఉంచితే మాత్రం పొంగు 2 వాల్యూమ్‌ల వైపు దిగుతుంది. ఒకటి రెండు రోజుల్లో తాగెయ్యాలి.

200 గ్యాలన్ల హద్దు

1978 అక్టోబరు 14న అధ్యక్షుడు జిమ్మీ కార్టర్ సంతకం చేసిన చట్టంతో అమెరికాలో సొంతానికి బీరు చేసుకోవడానికి ఫెడరల్ పన్ను లేకుండా అనుమతి వచ్చింది. ఏడాదికి ఒక్కరే ఉన్న ఇంటికి 100 గ్యాలన్లు, ఇద్దరు లేదా అంతకన్నా ఎక్కువమంది పెద్దలున్న ఇంటికి 200. అమ్మకూడదు. చివరిగా మిసిసిపీ, అలబామా రాష్ట్రాలు 2013లో ఒప్పుకున్నాయి. చాలా రాష్ట్రాల్లో మూత తీసిన మద్యం కారులో మనుషులు కూర్చునే చోట ఉండకూడదు కనుక, కెగ్‌ను డిక్కీలో పెట్టి తీసుకెళ్లడం మంచిది. ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లో లైసెన్సు లేకుండా ఇంట్లో బీరు తయారుచేయడం నేరం. కాబట్టి ఈ లెక్కలు అమెరికాలో ఉన్న తెలుగువాళ్లకు పనికొస్తాయి.

ఏది ఎవరికి?

ఐదు పౌండ్ల సిలిండరులో 2,268 గ్రాముల గ్యాస్ ఉంటుంది, అంటే 141 కార్ట్రిడ్జ్‌ల సరుకు. ప్రతి వారం కెగ్ తెరిచే ఇంటికి సిలిండరే నయం. కానీ దాన్ని కారులో తిప్పకూడదు. అది లీకైతే 1,200 లీటర్ల గ్యాస్ బయటపడుతుంది, మూసిన కారులో ప్రాణానికే ముప్పు. నెలకోసారి, పదిమంది చేరిన చోట తాము చేసిన బీరు పోయాలనుకునేవాళ్లకు నాలుగు లీటర్ల స్టీలు కెగ్, పాతిక గ్రాముల పంచదార, ఒక కార్ట్రిడ్జ్ చాలు. పొంగు ఈస్ట్ వంతు, నెట్టడం కార్ట్రిడ్జ్ వంతు అని పని పంచుకున్నంతకాలం ఈ చిన్న కెగ్ ఖర్చు పెంచదు.