ముందు ఖాళీ గడి, తర్వాత ఫొటో... ఎందుకు?

షాపింగ్ యాప్‌లో జాబితాను వేలితో గబగబా పైకి జరిపితే ముందు బూడిదరంగు గడులు, ఆ వెంటనే ఫొటోలు కనిపిస్తాయి. ఎందుకలా?

చాలా ఫోన్లలో తెర సెకనుకు 60 సార్లు మారుతుంది. అంటే ఒక్కోసారికి దొరికే సమయం దాదాపు 16 మిల్లీసెకన్లే! యాప్‌లో పనులు ఒకదాని తర్వాత ఒకటిగా సాగే వరుసను ‘థ్రెడ్’ అంటారు. తెరను నడిపేది ‘మెయిన్ థ్రెడ్’. ఫొటో నెట్ నుంచి వచ్చేదాకా అది ఆగితే జాబితా బిగుసుకుపోతుంది. అందుకే ఫొటోను తెచ్చి సిద్ధం చేసే పనిని వెనకాల వేరే థ్రెడ్లు చూసుకుంటాయి. అప్పటిదాకా బూడిదరంగు గడి కనిపిస్తుంది.

మరో చిక్కుంది. పైకి వెళ్లిపోయిన గడినే యాప్ కింద మళ్లీ వాడుకుంటుంది. ఆలస్యంగా వచ్చిన చెప్పుల ఫొటో వాచీ పేరు పక్కన పడకూడదు కదా! అందుకే ‘ఈ ఫొటో ఈ వరుసదేనా?’ అని సరిచూసుకుంటుంది.

వచ్చిన ఫొటోలను యాప్ ‘క్యాష్’ అనే తాత్కాలిక నిల్వలో దాచుకుంటుంది కూడా. జాబితాను వెనక్కి జరిపి చూడండి, అవే ఫొటోలు ఈసారి చటుక్కున వస్తాయి!