వందేళ్ల తర్వాత లేచొస్తే డబ్బుంటుందా?

"నాన్నా, చనిపోయాక శరీరాన్ని గడ్డకట్టించి దాచుకుని, వందేళ్లకు లేచొస్తే, మీ బ్యాంకులో డబ్బు అలాగే ఉంటుందా?" నోయిడాలో మా ఇంట్లో భోజనాలప్పుడు మా అమ్మాయి అడిగింది. ఢిల్లీ బ్రాంచిలో నేను చూసేది డెత్ క్లెయిములే కాబట్టి నవ్వి ఊరుకోలేకపోయాను.

దీన్ని క్రయోనిక్స్ అంటారు. ఎప్పటికైనా వైద్యం బతికిస్తుందన్న ఆశతో మృతదేహాన్ని ద్రవ నైట్రోజన్‌లో మైనస్ 196 డిగ్రీల దగ్గర భద్రపరుస్తారు. 1967 జనవరిలో అమెరికాలో జేమ్స్ బెడ్‌ఫర్డ్ దేహంతో ఇది మొదలైంది. ఇంతవరకు లేచినవారు ఒక్కరూ లేరు.

మొదటి చిక్కు డబ్బు. అరిజోనాలోని ఆల్కార్ సంస్థలో మొత్తం దేహానికి రెండు లక్షల డాలర్లకు పైనే అవుతుంది. చాలామంది జీవిత బీమా తీసుకుని ఆ సొమ్ము సంస్థకు చేరేలా రాస్తారు. నైట్రోజన్ ఆవిరైపోతుంటుంది కనుక నింపుతూనే ఉండాలి. అంటే అసలు కరగకుండా రాబడితోనే ఏళ్లకేళ్లు నడపాలి. కాలిఫోర్నియాలోని చాట్స్‌వర్త్‌లో నిధులు చాలక దేహాలు కరిగి పాడైపోయిన సంగతి 1979లో బయటపడింది.

రెండో చిక్కు చట్టం. బతికున్న మనిషిని గడ్డకట్టిస్తే హత్య అవుతుంది. మరణం ధ్రువీకరించాక చేస్తే, ఆ క్షణం నుంచి ఆస్తి అతనిది కాదు, వారసులది. మన దేశంలో 21 రోజుల్లోగా మరణాన్ని నమోదు చేయించాలి. ఆ పత్రం మా కౌంటరుకు వచ్చాక ఖాతా క్లెయిము కిందికి వెళుతుంది. పోనీ, ఎప్పుడో లేచే తనకే చెందేలా ఆస్తి రాసిపెడదామన్నా, ఆస్తి బదిలీ చట్టం 14వ సెక్షన్ అంతకాలం కట్టిపడేయనివ్వదు.

దేహం మీద హక్కు ఎవరిదన్నది మూడో చిక్కు. ఇది క్రయోనిక్స్ కాకపోయినా, దానికి దగ్గరి కేసు పంజాబ్‌లోని నూర్‌మహల్‌లో జరిగింది. 2014 జనవరిలో అశుతోష్ మహరాజ్ మరణించారని వైద్యులు చెప్పారు. సమాధిలో ఉన్నారంటూ శిష్యులు దేహాన్ని ఫ్రీజరులో ఉంచారు. కొడుకునని చెప్పుకున్న వ్యక్తి అంత్యక్రియల కోసం కోర్టుకెక్కారు. దహనం జరపాలని 2014 డిసెంబరులో పంజాబ్, హర్యానా హైకోర్టు ఆదేశించింది. 2017లో అదే కోర్టు డివిజన్ బెంచి ఆ ఆదేశాన్ని పక్కనపెట్టి, దేహాన్ని భద్రపరచుకోనిచ్చింది.

"అయితే డబ్బు ఉండదన్నమాట" అంది మా అమ్మాయి.

"తీసుకోవాల్సినవాళ్లు ఎప్పుడో తీసుకుని ఉంటారు. ఎవరూ రాకపోతే పదేళ్లకు రిజర్వు బ్యాంకు దగ్గరున్న నిధికి వెళుతుంది" అన్నాను.

"తీసుకోవాల్సినవాళ్లు ఎవరో మీరు రాశారా?"

ఆ రాత్రి నా కాగితాలన్నీ తీశాను. పాత డిపాజిట్ ఒకదానికి నామినీగా మా అమ్మ పేరే ఉంది. ఆమె పోయి ఆరేళ్లు. రోజూ ఇతరుల నామినేషన్లు సరిచూసే నేను నాది చూసుకోలేదు. 2025 నవంబరు 1 నుంచి ఒక ఖాతాకు నలుగురిని నామినీలుగా పెట్టుకోవచ్చు. నామినీ సొమ్ము అందుకుంటాడే తప్ప యజమాని కాడని 2010లో సుప్రీంకోర్టు చెప్పింది కనుక వీలునామా కూడా అవసరమే.

మర్నాడు బ్రాంచికి వెళ్లగానే ముందు నా ఫారమే నింపాను.