మద్యం – జీర్ణాశయ కణాలు

వరంగల్, కరీంనగర్, నల్గొండ జిల్లాల నుంచి వెళ్లి సూరత్‌లో స్థిరపడిన నేత కుటుంబాలు ఎన్నో ఉన్నాయి. లింబాయత్ ప్రాంతంలో నడుస్తుంటే తెలుగు మాటలు వినిపిస్తాయి. మరమగ్గాల దగ్గర 12 గంటలు నిలబడి పనిచేసేవారిలో కొందరు ఒళ్లునొప్పులకు ఒక మాత్ర, దానిపైన ఒక గ్లాసు సారా తీసుకుంటారు. గుజరాత్‌లో రాష్ట్రం ఏర్పడిన 1960 నుంచీ మద్యనిషేధం ఉన్నా, దొంగచాటుగా సారా దొరుకుతూనే ఉంది. ఏళ్ల తరబడి సాగే ఈ అలవాటు జీర్ణాశయ కణాలను ఏం చేస్తుందో ఈ పాఠంలో తెలుసుకుందాం.

జీర్ణాశయ గ్రంథులు హైడ్రోక్లోరికామ్లాన్ని, పెప్సిన్‌ను తయారుచేస్తాయి. మాంసాన్ని కరిగించే ఈ రసం జీర్ణాశయాన్నే ఎందుకు కరిగించదు? దానికి మూడు రక్షణలు ఉన్నాయి. మొదటిది, మిల్లీమీటరు మందం కూడా లేని జిగురు పొర. ఇందులోని బైకార్బనేట్ ఆమ్లాన్ని కణాల దగ్గరకు రాకముందే తటస్థీకరిస్తుంది. రెండవది, పక్కపక్క కణాలను సందు లేకుండా కలిపి ఉంచే బంధాలు. మూడవది, మరమ్మతు. పైపొర కణాలు 3 నుంచి 6 రోజులకొకసారి రాలిపోయి, వాటి చోట కొత్తవి వస్తాయి.

మద్యం ఈ మూడింటినీ దెబ్బతీస్తుంది. జిగురు పొర పలచబడుతుంది, బంధాలు వదులవుతాయి, ఆమ్లం గోడలోకి చొరబడుతుంది. అక్కడి సన్నని రక్తనాళాలు ఉబ్బి స్రవిస్తాయి. ఇదే జీర్ణాశయపు వాపు. కణాల్లోని ఎంజైములు మద్యాన్ని ఎసిటాల్డిహైడ్‌గా మారుస్తాయి. ఈ విషపదార్థం ప్రొటీన్లకు, డీఎన్ఏకు అతుక్కొని వాటిని పాడుచేస్తుంది.

ఒక్కసారి దెబ్బతింటే పైపొర కొద్ది రోజుల్లో కోలుకుంటుంది. రోజూ తాగేవారిలో మాత్రం మరమ్మతు పూర్తికాకముందే మరో దెబ్బ పడుతుంది. వాపు అక్కడే పాతుకుపోతుంది. 1982లో వారెన్, మార్షల్ కనుగొన్న హెలికోబాక్టర్ పైలోరీ బాక్టీరియా కూడా ఉంటే నష్టం ఇంకా పెరుగుతుంది. అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 1988లోనే మద్యాన్ని క్యాన్సర్ కారకాల జాబితాలో చేర్చింది. అతిగా తాగేవారిలో జీర్ణాశయ క్యాన్సర్ ముప్పు ఎక్కువ.

ఇక నొప్పి మాత్ర సంగతి చూద్దాం. జిగురు పొర తయారీకి ప్రోస్టాగ్లాండిన్లు అవసరం. ఆస్పిరిన్, ఐబుప్రొఫెన్, డైక్లోఫెనాక్ మాత్రలు వాటి ఉత్పత్తిని తగ్గిస్తాయి. ఒకవైపు మాత్ర, మరోవైపు సారా కలిస్తే పుండ్లు పడి రక్తస్రావం జరిగే ప్రమాదం ఉంది. విరేచనం తారులా నల్లగా వచ్చినా, వాంతిలో రక్తం గాని, కాఫీ పొడి వంటి పదార్థం గాని కనిపించినా వెంటనే ఆసుపత్రికి వెళ్లండి.

మద్యం మానేస్తే జీర్ణాశయం తనను తాను బాగుచేసుకోగలదు. అయితే చాలాకాలంగా రోజూ తాగుతున్నవారు ఒక్కసారిగా మానేస్తే వణుకు, ఫిట్స్ రావచ్చు. కాబట్టి వైద్యుని సలహాతోనే మానండి.