ప్రేవులలోని పరివారము

మీ యింట పాలు తోడుపెట్టు వేళ అమ్మ గోరువెచ్చని పాలలో చెంచాడు పెరుగు కలుపుట చూచియే యుందురు. ఆ చెంచాడులోని సూక్ష్మజీవులే తెల్లవారులోగా గిన్నెడు పాలను పెరుగుగా మార్చును. అట్టి జీవులు మన ప్రేవులలోను కాపురమున్నవి. మానవదేహమందలి కణములు సుమారు 30 లక్షల కోట్లు కాగా, బాక్టీరియాలు సుమారు 38 లక్షల కోట్లని 2016లో శాస్త్రజ్ఞులు లెక్కవేసిరి. అన్నింటిని కలిపి తూచినను 200 గ్రాములే!

వీనిలో అధికభాగము పెద్దప్రేవునందుండును. మనకు జీర్ణముకాని పీచును పులియబెట్టి, ఆ ప్రేవుగోడలకు ఆహారమగు ఆమ్లములను తయారుచేయును. కె విటమినును, కొంత ఫోలిక్ ఆమ్లమును సమకూర్చును. రోగక్రిములకు చోటు దక్కనీయవు. రాగిముద్దయు ఆకుకూరయు తినువాడు (బెంగళూరులోని మనకు రాగిముద్ద క్రొత్త కాదు గదా!) తనతోపాటు వీనిని గూడ పోషించుచున్నాడు.

అయితే అవి ఉండవలసిన చోటనే ఉండవలెను. భీమవరమున 1895లో జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావుగారి సోదరుడు పురుషోత్తముగారు స్ప్రూ అను విరేచనవ్యాధిచే మరణించిరి. సుబ్బారావుగారికిని ఆ వ్యాధియే సోకగా, ఆచంట లక్ష్మీపతిగారి ఆయుర్వేద చికిత్సతో బ్రతికి బయటపడిరి. ఈ వ్యాధిలో చిన్నప్రేవునందు బాక్టీరియాలు మితిమీరి పెరుగునని తరువాతి కాలమున తెలిసినది. తిన్నది ఒంటబట్టదు, ఫోలిక్ ఆమ్లము కొరవడి రక్తము క్షీణించును. అమెరికా చేరిన సుబ్బారావుగారి నాయకత్వమున, లెడర్లీ ప్రయోగశాలలో 1945లో ఫోలిక్ ఆమ్లము కృత్రిమముగా తయారైనది. అచ్చటనే డగ్గర్ అను వృక్షశాస్త్రజ్ఞుడు మట్టిలోని సూక్ష్మజీవినుండి ఆరియోమైసిన్ అను మందును కనుగొనెను. 1948లో అది లోకమునకు వెల్లడియైనది. సుబ్బారావుగారు ఆ యేడే మరణించిరి. నేటికిని స్ప్రూ రోగికి వైద్యులిచ్చునవి ఫోలిక్ ఆమ్లమును, ఆరియోమైసిన్ వంశములోనిదే యగు టెట్రాసైక్లినును.

ఇంతటి మందులకు స్వపరభేదము మాత్రము తెలియదు. శత్రువుతోపాటు ప్రేవులలోని మిత్రులను గూడ చంపును. మడివాళలో సంతకు పోయిన తండ్రి, బిడ్డకు జలుబని, వైద్యుని చీటీ లేకయే యాంటీబయాటిక్ మాత్రలు కొనితెచ్చెననుకొందము. జలుబు వైరసు వలన వచ్చునది. ఆ మాత్రలు దానిని తాకనైన తాకవు. నష్టపడునది బిడ్డ ప్రేవులలోని పరివారమే. అందుచేతనే కొందరు పిల్లలకు ఆ మాత్రలు వాడినపుడు విరేచనములగును. వారము దినముల మందుతో చెదరిన ఆ పరివారము మరల కుదురుకొనుటకు నెలలు పట్టవచ్చును. కొన్ని జాతులు తిరిగి రాకయే పోవచ్చును.