మూసిన తలుపు వైపు పరుగు

దివ్య ఖుర్ఆన్‌లోని యూసుఫ్ సూరాను బోధించేటప్పుడు మేము 25వ ఆయతు వద్ద కాసేపు ఆగుతాము. ఇంటి యజమానురాలు (జనం చెప్పుకునే జులేఖా అన్న పేరు ఖుర్ఆన్‌లో లేదు) తలుపులన్నీ మూసి, యువకుడైన యూసుఫ్ (అలైహిస్సలాం)ను చెడుకు పిలిచింది. ఆయన అల్లాహ్ శరణు వేడారు. అంతటితో ఊరుకోలేదు, తలుపు వైపు పరుగెత్తారు. అది మూసి ఉందని తెలిసీ పరుగెత్తారు. ఆమె లాగగా చొక్కా వెనుక నుండి చిరిగింది. ఆ చిరుగే తర్వాత ఆయన నిర్దోషి అనడానికి సాక్ష్యమైంది.

'మా మనసు గట్టిది, చూసినంత మాత్రాన ఏమవుతుంది?' అని రాత్రిళ్లు సెల్‌ఫోన్‌లో చూడరానివి చూసే యువకులు మాతో వాదిస్తుంటారు. పెళ్లయి పిల్లలున్నవారూ అడుగుతారు, కాస్త స్వరం తగ్గించి. దైవప్రవక్త అయిన యూసుఫ్ (అలైహిస్సలాం) మాత్రం తన మనసు గట్టిదని నమ్ముకోలేదు. ఆ స్త్రీల కుతంత్రాన్ని నీవు తప్పించకపోతే నేను వారివైపు మొగ్గిపోతానని ప్రభువుకు మొరపెట్టుకున్నారు (12:33). దానికంటే చెరసాలే మేలన్నారు.

ఇషా నమాజు తర్వాత ఫోన్లన్నీ నడింట్లో బల్లపై పెట్టమని తల్లిదండ్రులకు చెబుతుంటాము. తండ్రి ఫోను కూడా అక్కడే ఉండాలి. కొడుకు ఫోను ఒక్కటే పెట్టించిన ఇంట్లో ఆ నియమం వారం రోజులైనా నిలవదు.