సెల్ఫ్ తిరుగుతోంది... బండి లేవట్లేదు!

బోనకల్‌లో మా బాబాయి వాళ్ల మిర్చి షెడ్డులో ఒక కారుంది. 1966 నాటి స్టాండర్డ్ హెరాల్డ్. మూడేళ్లుగా టార్పాలిన్ కిందే పడుంది. కిందటి వేసవిలో వెళ్లేసరికి దాని పక్కన కొత్త బ్యాటరీ, కొత్త ప్లగ్గుల అట్టపెట్టెలు కనిపించాయి.

'బయటికి తీస్తున్నావా బాబాయ్?' అనడిగా.

'ఏం తీసుడురా! సెల్ఫ్ తిరుగుతది, బండి లేవదు. బ్యాటరీ మార్చిన, ప్లగ్గులు మార్చిన, కార్బురేటర్ కడిగించిన. ఇంజినే పోయిందంటున్నరు. సోమవారం పాత సామాన్లాయన వస్తడు' అన్నాడు, టార్పాలిన్ సర్దుతూ.

ఆరోజు శనివారం. 'రేపొక్కరోజు మాకియ్యి' అన్నాం నేనూ, మా బావా.

స్పోర్ట్స్ కారుకి అన్న

హెరాల్డ్ అంటే మామూలు పాత కారు అనుకోకండి. ఇటలీకి చెందిన జొవాన్ని మికెలాట్టి గీసిన బాడీ అది. 1959లో ఇంగ్లండులో ట్రయంఫ్ హెరాల్డ్‌గా వచ్చింది. మన దగ్గర 1961 నుంచి మద్రాసులోని స్టాండర్డ్ కంపెనీ తయారుచేసింది. ఇంజిన్ 948 సీసీ. ఇదే హెరాల్డ్ ఛాసిస్‌ని పొట్టిచేసి 1962లో ట్రయంఫ్ వాళ్లు స్పిట్‌ఫైర్ అనే రెండు సీట్ల స్పోర్ట్స్ కారు తెచ్చారు. రెండింటికీ బానెట్ మడ్‌గార్డులతో సహా ముందుకి ఒరుగుతుంది. టైరు మీద కూర్చుని ఇంజిన్ పని చేసుకోవచ్చు! కాబట్టి హెరాల్డ్ రోగం కనిపెట్టే పద్ధతి స్పిట్‌ఫైర్‌కీ పనికొస్తుంది. కార్బురేటర్, పాయింట్లు ఉన్న ఫియట్‌కీ, అంబాసిడర్‌కీ అంతే.

లేవట్లేదంటే ఎలా?

ముందు తేల్చుకోవాల్సింది ఇదే. తాళం తిప్పితే టక్‌మని ఆగిపోయినా, మూలుగుతూ తిరిగినా అనుమానం బ్యాటరీ మీద, దాని వైర్ల మీద. నిండుగా ఛార్జయిన బ్యాటరీ ఊరికే ఉన్నప్పుడు 12.6 వోల్టులు చూపిస్తుంది. సెల్ఫ్ కొడుతుంటే 9.6 కంటే కిందికి పోకూడదు. బ్యాటరీ బాగానే ఉందంటే ఇంజిన్‌కీ బాడీకీ మధ్య ఉండే ఎర్త్ వైరు చూడండి. తుప్పు పడితే కరెంటు దాటదు. ఇక్కడొక జాగ్రత్త. పాత బ్రిటిష్ కార్లలో కొన్నింటికి బాడీకి కలిపేది నెగెటివ్ కాదు, పాజిటివ్. అది చూసుకోకుండా పక్క కారు నుంచి కరెంటు ఇవ్వకండి.

మా బండికి ఆ బాధ లేదు. సెల్ఫ్ గిర్రున తిరుగుతోంది. అంటే వెతకాల్సింది నిప్పు, పెట్రోలు. ఈ రెండింటినీ విడివిడిగా చూడాలి.

నిప్పుందా?

ప్లగ్గు విప్పి, వైరు దానికే తగిలించి, ప్లగ్గు లోహం ఇంజిన్‌కి ఆనేలా పెట్టి సెల్ఫ్ కొట్టాలి. నీలంగా చిటుక్కుమనాలి. చేత్తో పట్టుకోవద్దు, రబ్బరు పిడి ఉన్న పటకారు వాడండి. చుట్టుపక్కల పెట్రోలు ఉండకూడదు. గేరు న్యూట్రల్‌లో, హ్యాండ్‌బ్రేక్ వేసి ఉండాలి.

మాకు నిప్పు రాలేదు. కాయిల్ నుంచి డిస్ట్రిబ్యూటర్‌కి వెళ్లే సన్నవైరు దగ్గర చిన్న పన్నెండు వోల్టుల బల్బు పెట్టాం. రెండో కొస బాడీకి. సెల్ఫ్ కొడితే ఆ బల్బు మిణుకుమిణుకుమనాలి. ఆరకుండా వెలుగుతూనే ఉంటే పాయింట్లు కలవట్లేదని అర్థం. అసలు వెలగకపోతే కాయిల్‌కి కరెంటే రావట్లేదు, లేదా పాయింట్లు విడిపోవట్లేదు. మాది వెలుగుతూనే ఉంది. మూత తీసి చూస్తే పాయింట్ల మీద బూడిదరంగు పొర. మూడేళ్లు ఊరికే ఉండి గాలికీ తేమకీ పట్టింది. సన్నటి ఎమరీ కాగితంతో గీకి, సందు 0.4 మిల్లీమీటర్ల దాకా సరిచేస్తే ప్లగ్గు చిటుక్కుమంది.

సంబరంగా అన్నీ బిగించి సెల్ఫ్ కొట్టాం. లేవలేదు!

'చెప్పిన కదరా' అన్నాడు బాబాయి.

రెండో దొంగ

అసలు మతలబు ఇక్కడే ఉంది. బండిలో తప్పు ఒకటి కాదు, రెండు. నిప్పు లేనప్పుడు కార్బురేటర్ ఎంత కడిగినా లేవదు. పెట్రోలు రానప్పుడు పాయింట్లు ఎంత గీకినా లేవదు. ఒక్కోటి మార్చి 'లేచిందా లేదా' అని చూస్తే ఎప్పుడూ లేదనే తేలుతుంది. చివరికి అన్నీ చేశాం కదా అని నేరం ఇంజిన్ మీద పడుతుంది. అందుకే చూడాల్సింది బండి లేచిందా అని కాదు. నిప్పు వచ్చిందా, పెట్రోలు వచ్చిందా అని.

కాయిల్ వైరు పీకేసి, కార్బురేటర్‌కి వచ్చే పైపు గాజుసీసాలో పెట్టి సెల్ఫ్ కొట్టాం. చుక్క రాలేదు. ట్యాంకు నుంచి పంపుకి వచ్చే రబ్బరు పైపు పట్టుకుంటే వేళ్లకి జిగురంటింది. ఒకచోట పగులు. అది పంపు పీల్చే వైపు కావడంతో బయటికి పెద్దగా కారదు. పంపు మాత్రం పెట్రోలు బదులు గాలి పీలుస్తుంది. ట్యాంకులోది సీసాలోకి వంపితే అడుగున నీళ్లు వేరుగా తేలాయి.

2023 ఫిబ్రవరిలో మన బంకుల్లో ఇరవై శాతం ఇథనాల్ కలిపిన పెట్రోలు అమ్మకం మొదలైంది. ఇథనాల్ గాల్లోని తేమని లాగుతుంది. పాతకాలం రబ్బరుని మెత్తబరుస్తుంది. రోజూ తిరిగే బండికి తేమ చేరేంత టైము ఉండదు, నెలల తరబడి నిలబెట్టేదానికే ముప్పు. కాబట్టి పాత కారున్నవాళ్లు ఇథనాల్‌ని తట్టుకునే పైపులు వేయించుకోవాలి. పగిలిన పైపు వేడి ఇంజిన్ మీద కారితే పోయేది కారొక్కటే కాదు.

ఎండలో ఆగితే

మా ఖమ్మం ఎండ తెలిసిందే, 45 డిగ్రీలు తాకుతుంది. పొద్దున లేచిన బండి మధ్యాహ్నం టీ తాగొచ్చేసరికి మొండికేస్తే కంగారుపడొద్దు. అక్కడికక్కడే నిప్పు చూడండి. ఉంటే పంపులో పెట్రోలు ఆవిరై అడ్డుపడినట్టు. బానెట్ ఎత్తి, పంపు మీద తడిబట్ట వేసి కాసేపు ఆగితే చాలు. నిప్పు లేకపోతే వేడెక్కి మొరాయించింది కాయిలో కండెన్సరో.

నిప్పూ, పెట్రోలూ రెండూ సరైన టైముకి వస్తున్నా లేవకపోతేనే ఇంజిన్‌ని అనుమానించాలి. అప్పుడూ కంప్రెషన్ గేజ్ పెట్టి నాలుగు సిలిండర్లూ కొలిచాకే విప్పమనాలి.

కొత్త పైపు, ఎమరీ కాగితం కలిపి మాకు మూడు వందలు దాటలేదు. ట్యాంకు కడిగి కొత్త పెట్రోలు పోశాం. కార్బురేటర్ నిండేదాకా రెండుసార్లు తిరిగి, మూడోసారికి దగ్గి, పొగ కక్కి లేచింది. బాబాయి ఏం మాట్లాడలేదు. డ్రైవర్ సీటులోంచి బావని దిగమన్నాడు. స్టేషన్ దాకా తనే నడిపి తీసుకొచ్చాడు.

సోమవారం పాత సామాన్లాయన వచ్చాడు. పాత బ్యాటరీ ఇచ్చి పంపించాడు.