పాత చేతిసంచి – తోలు పరీక్ష

హైదరాబాదులో ఉద్యోగము చేయుచున్న మా యింటి పిల్ల యొకతె, ఎవరో వాడి విడిచిన విదేశపు తోలు చేతిసంచిని రూ. 18,000లకు కొని, దసరా సెలవులకు రాయికోడ్ తెచ్చినది. కొత్తదాని వెల లక్ష దాటునట. నెలనెల జీతములో మిగిల్చి కొన్న వస్తువు గనుక ఇంటిల్లిపాదియు చేత పట్టి చూచి సంతోషించితిమి. సంక్రాంతినాటికి పిడిక్రింద బీటలు వారినవి. మూలలయందు రంగు పొట్టువలె లేచినది. అమ్మినవారు పలుకుటయే మానిరి.

మా యూర చెప్పులు కుట్టి జీవించిన పెద్దాయన యొకరు కలరు. సంచిని ఆయన చేతికిచ్చితిమి. కంపెనీ పేరుగల బిళ్లను గాని, పసిడివన్నె కొక్కెమును గాని ఆయన చూడలేదు. పిడిని వంచినారు, లోపల వాసన చూచినారు, అస్తరును తిరగవేసి కుట్టువెంట గోటితో గీచినారు.

“ఇది ఎండిన తోలు గాదు బిడ్డా, సచ్చిన తోలు. పైన రంగేసి నూనె రాసిండ్రు,” అన్నారు.

“మళ్ల నూనె పెడితే మెత్తగ గాదా తాతా?”

“ఎండింది అయితది. సచ్చింది గాదు.”

పాత తోలును కొనువారు తెలిసికొనవలసినది ఈ భేదమే యని మా అభిప్రాయము.

పచ్చిచర్మము కుళ్లక నిలుచుటకు దానిని పదును చేయవలెను. ఇందులకు మన ప్రాంతములలో తంగేడు పట్ట, తుమ్మ పట్ట, కరక్కాయ వాడెడివారు. 2014లో తెలంగాణకు రాష్ట్రపుష్పమైనది ఆ తంగేడు పువ్వే. మోట కొట్టు దినములలో నీటి బొక్కెనకు తోలు తొండము కుట్టెడివారు. అది నిత్యము తడియుచు ఎండుచు నుండుటచే తోలు బాగోగులు రైతులకు చేతిస్పర్శతోనే తెలియుచుండెను. 1884లో అమెరికాలో అగస్టస్ షుల్ట్‌జ్ క్రోము లవణములతో పదును చేయు పద్ధతికి పేటెంటు పొందిన పిదప, వారములు పట్టు పని కొద్ది దినములలో ముగియజొచ్చినది. నేడు లోకమున తయారగు తోలులో అధికభాగము క్రోముదే. పట్టీకి గల రంధ్రపు అంచును చూచినచో, రంగు లోనికి ఇంకని తోలు తన జాతిని చెప్పును: గోధుమవన్నె యైనచో చెట్టుపట్టది, నీలి బూడిదవన్నె యైనచో క్రోముది.

పదునైన తోలులోనికి తయారీదారులు కొవ్వునూనెలను ఎక్కించుదురు. పోగులు ఒకదానిపై నొకటి జారుటకు అవియే ఆధారము. ఏండ్లు గడచి అవి తగ్గినపుడు తోలు బిరుసెక్కును. తగిన నూనెతో మరల మెత్తబడును. ఇది ఎండుట. అధికమైన వేడిమిచేతనో, నానుటచేతనో, ఆమ్లముచేతనో పోగులే తెగినచో ఏ నూనెయు వానిని అతుకజాలదు. చెట్టుపట్ట పదునుగల పాత తోలు ఒక్కొక్కప్పుడు ఎర్రని పొడియై వ్రేళ్లకంటును. గ్రంథాలయములలోని పాత తోలు అట్టల పుస్తకములు తీసినవారు దీనిని చూచియే యుందురు. పొగలలోని గంధకవాయువు ఇందులకు ఒక ముఖ్యకారణము. అట్టి సంచిని ఎంత చౌకగా నిచ్చినను తాకవలదు.

పరీక్షను పగటివెలుతురున చేయవలెను. దుకాణపు దీపములక్రింద ప్రతి తోలును అందముగానే యుండును. పిడి వలయమును చేరుచోట మెల్లగా వంచి చూడుడు. సన్నని ముడుతలు పడి, విడువగానే పోయినచో మేలు. ముడుతలో గీత తెరచుకొని లోపలి పోగులు కనబడినచో అది బీట. నూనె, మైనము ఎక్కించిన కొన్ని తోళ్లు మాత్రము వంచినచోట లేతవన్నెకు తిరిగి, విడిచిన వెనుక మరల ముదురును. అది దోషము కాదు. పిదప తెల్లని పొడిగుడ్డతో అడుగున రుద్దుడు. గుడ్డకు రంగు విశేషముగా నంటినచో ఇటీవల ఎవరో పూసినారని అనుమానింపవలెను. రంగు వేయించుట తప్పు కాదు, దాచుటయే తప్పు.

మన వానకాలమున బీరువాలో బిగించిన సంచులపై తెల్లని నూగు కనబడును. వెచ్చని గాలి తగిలిన కరగి మాయమగునది లోపలినుండి ఊరిన కొవ్వు. దానికి భయము లేదు. కరగక ముక్కవాసన కొట్టునది బూజు. అస్తరులోనికి దిగిన బూజువాసన సులభముగా వదలదు. ఈ విషయమున కన్నుకంటె ముక్కే నమ్మదగినది.

అసలు చేతిలోనిది తోలేనా యని కూడ అడుగవలెను. లూయీ విటాన్ వారు 1896లో తెచ్చిన అక్షరముల అల్లికగల ప్రసిద్ధ సంచుల పైభాగము తోలు కాదు, పూత పూసిన గుడ్డ. వానిలో పెక్కింటికి పిడులు, అంచులు మాత్రమే రంగు వేయని తోలు. అది చేతిచెమటకు, ఎండకు తేనెవన్నెకు తిరుగుట సహజము. ఇరువది ఏండ్లదని చెప్పిన సంచికి పిడులు పాలవలె తెల్లగా నున్నచో వానిని మార్చినారేమో యని అడుగుడు. ఇక పాలీయురెథేను పూతగల చౌక సరకు తేమకు, వేడికి జిగటయై పొరలు విడును. దానికి మందు లేదు.

ఫోను తెరపై చూచి కొనువారు నాలుగు మూలలు, పిడి అడుగుభాగము, తెరచిన అస్తరు—వీని చిత్రములను పగటివెలుతురున తీసి పంపుమని కోరవలెను. పంపుటకు సంకోచించువారితో బేరము సాగింపకుండుట మంచిది. కుట్టు రంధ్రములు సాగి నిడుపైనచో తోలు బరువును మోయలేకున్నదని గ్రహింపుడు. అరిగిన మూల, మాసిన అస్తరు ధర తగ్గించుటకు కారణములు మాత్రమే. పిడికి బీట యున్నచో, కొత్త పిడికగు ఖర్చును ముందుగా విచారించి ధర చెప్పవలెను.

మా పిల్ల సంచిలో అడుగు తోలు ఒక్కటియే చెడక మిగిలినది. పెద్దాయన దానిని కత్తిరించి, తాళపుచెవులకు ఒక చిన్న తిత్తిని కుట్టి యిచ్చినారు. కూలి అడుగగా, రెండు కప్పుల చాయ్ త్రాగి వెళ్లినారు.